డీజిల్ సంగతి నాలుగో పేజీలో రాశావు

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది ఒడిశాలో కాశీనగర్ దగ్గర పల్లె. నాకు 26 ఏళ్ళు. మిషనరీగా మలావీ దేశం వచ్చి 14 నెలలైంది. మా సీనియర్‌కి ఒంట్లో బాగోక ఇండియా వెళ్ళిపోవడంతో, మూడు నెలల కిందట హెడ్డాఫీసు వాళ్ళు నన్నే టీమ్ లీడర్‌ని చేశారు. ఒక ప్రైమరీ స్కూలు, ఆరు ఊళ్ళ సంఘాలు, ఒక బోరు, ఒక పికప్ వ్యాను, తొమ్మిది మంది స్టాఫ్. వాళ్ళలో నాకంటే చిన్నవాడు ఒక్కడే. ఇక్కడి పాస్టర్‌గారికి 58 ఏళ్ళు, 22 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నారు. మొదటి మీటింగులోనే టైమ్ టేబుల్ పెట్టాను, వారం వారం రిపోర్టులు రాయమన్నాను. అందరూ సరేనంటారు. ఎవరూ ఎదురు చెప్పరు, ఎవరూ చెయ్యరు. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అన్నట్టు, ఒక రోజు నాకు చెప్పకుండా పికప్‌ని ఎవరిదో చావుకి తీసుకెళ్ళారు, డ్రైవర్‌ని అందరి ముందూ మందలించి డీజిల్ డబ్బు జీతంలో కోశాను. ఊళ్ళో మా అమ్మ నేను లీడర్‌నయ్యానని చర్చిలో మైకులో చెప్పించింది. ఇప్పుడు రాజీనామా ఇవ్వాలా, ఇంకా గట్టిగా ఉండాలా? పేరు వెయ్యొద్దు.

సమాధానం:

నాయనా,

నీ ఉత్తరం నాలుగు పేజీలు. ఫోటోలు తీసి పంపావు కాబట్టి అద్దాలు పెట్టుకుని, ఫోన్ తెర మీద వేళ్ళతో పెద్దది చేసుకుంటూ చదివాను. ఒరియా మీడియంలో చదువుకున్నవాడివి తెలుగు ఇంత బాగా రాశావని ముందు సంతోషించాను. అక్కడక్కడ 'ఏ'కి 'ఎ', 'ఓ'కి 'ఒ' పడ్డాయి. ఒరియా బళ్ళో ఆ తేడా లేదు కదా, మన సరిహద్దు పిల్లలందరికీ ఉన్నదే. పైన వేసింది నీ ఉత్తరంలో పదో వంతు కూడా కాదు, పాఠకుల కోసం కుదించాను.

మూడు పేజీలు టైమ్ టేబుల్ గురించి రాశావు. ఎన్ని గంటలకి ప్రార్థన, ఎన్నింటికి స్కూలు, ఎవరు ఎన్ని నిమిషాలు లేటు, అన్నీ. పికప్ సంగతి మాత్రం నాలుగో పేజీ అడుగున, 'అన్నట్టు' అని మొదలుపెట్టి ఒక్క లైనులో తేల్చేశావు. నాకు మాత్రం నీ ఉత్తరమంతా ఆ లైనులోనే కనిపించింది.

మా తోడల్లుడి కొడుకు నాలుగేళ్ళు మీ మలావీలోనే, బ్లాంటైర్‌లో ఒక కంపెనీలో లెక్కలు రాసి వచ్చాడు. అతనికి ఫోన్ చేసి అరగంట కూర్చోబెట్టి అడిగాను. చావు మాట ఎత్తగానే 'అయ్యో మావయ్యా, అక్కడ అది చాలా పెద్ద విషయం' అన్నాడు. చావుని మలీరో అంటారట. పల్లెలో ఒక మనిషి పోతే పొలం పని ఆగిపోతుంది, ఇంటికొకరైనా వెళ్ళి కూర్చుంటారు, పిండో కట్టెలో చిల్లరో చేతనైనది పట్టుకెళ్తారు. వెళ్ళనివాడిని ఊరు గుర్తు పెట్టుకుంటుంది, రేపు అతనింట్లో చావొస్తే ఎవరూ రారు. మన పల్లెల్లో మాత్రం వేరేనా? పెళ్ళికి వెళ్ళకపోయినా ఫరవాలేదు గానీ చావుకి వెళ్ళకపోతే మాట పడిపోతుంది.

అలాంటి చోట, ఆ చావుకి పెద్దమనుషుల్నీ, బహుశా ఆ శవాన్నీ మోసిన బండికి నువ్వు కిలోమీటర్లు లెక్కగట్టావు. డ్రైవర్‌ని అందరి ముందూ నిలబెట్టావు. బండి తీయమని చెప్పింది ఎవరు? నువ్వు రాయలేదు, కానీ డ్రైవర్ తనంతట తను తీసి ఉండడు. పాస్టర్‌గారే చెప్పి ఉంటారు. అంటే ఆ రోజు నువ్వు కోత కోసింది డ్రైవర్‌కి, చిన్నబుచ్చింది పాస్టర్‌గారిని. ఆయన అక్కడే నిలబడి విన్నారేమో కూడా. ఆ రోజు నుంచే కదా 'సరే' మొదలైంది? తేదీలు చూసుకో.

నిన్ను తిట్టడానికి కాదు ఇది. నేను ఇంతకంటే ఘోరం చేశాను.

1979లో నాకు 23 ఏళ్ళు. బీయే పాసై ఖాళీగా ఉంటే ఒక మిషన్ వాళ్ళు సవర గిరిజన పిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా వేశారు. ఊరి పేరూ మిషన్ పేరూ ఇప్పుడెందుకులే. పర్లాకిమిడిలో బస్సెక్కి, దిగాక ఏడు కిలోమీటర్లు కొండదారి నడవాలి. వెళ్ళిన రోజే పాత వార్డెన్ తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా దిగి వెళ్ళిపోయాడు. పదకొండు తాళాలు. నడుస్తుంటే జేబులో గలగలమనేవి. ఆ చప్పుడు నాకు మహా ఇష్టంగా ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

వంటమనిషి ఒక సవర ముసలామె. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడేది కాదు. సోలతో బియ్యం కొలిచి గుండిగలో పోసేది, నేను పక్కన నిలబడి లెక్క రాసుకునేవాణ్ణి. లెక్క అయిపోయాక సోల పక్కన పెట్టేసి, బస్తాలోంచి దోసిళ్ళతో ఇంకో మూడు నాలుగు సార్లు వేసేది. రోజూ కాదు, సోమవారాలు మాత్రం తప్పకుండా. ఏమిటని నేను అడగలేదు. చేతివాటం అనుకున్నాను. పర్లాకిమిడి వెళ్ళి మిషన్ డబ్బుతోనే ఒక కాటా, ఇనప తూకపురాళ్ళు కొనుక్కొచ్చి, వంటింటి దూలానికి వేలాడదీశాను. ఇకనుంచి తూకమే అన్నాను.

ఆమె ఆ కాటా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. కోపం లేదు అందులో. ఎక్కడో ఎరిగిన మనిషి ఎదురుపడితే చూస్తామే, అలా చూసింది. కొండ మీదివాళ్ళకి కాటా అంటే సంత. చింతపండు, అడ్డాకులు, పసుపు, కందులు తల మీద మోసుకుని దిగితే, కింద సావుకారు కాటా పట్టుకుని కూర్చునుండేవాడు. ఆ కాటా ఎప్పుడూ ఎటువైపు మొగ్గుతుందో వాళ్ళ తాతల నుంచీ తెలుసు. ఆ సావుకార్లలో మన తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు, మనలో మనం ఒప్పుకుందాం. నేను ప్రార్థన చెప్పే కుర్రాణ్ణి, పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చానని నేననుకున్నాను. ఆమెకి కనిపించింది మాత్రం కాటా పట్టుకున్న తెలుగువాడు.

ఆదివారం ఇళ్ళకి వెళ్ళిన పిల్లలు సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా కొండ దిగి వచ్చేవాళ్ళు. ఆ దోసిళ్ళు వాళ్ళవి. కాటా వచ్చాక మూడో సోమవారం ఇద్దరు పిల్లలు కడిగిన కంచాలు అక్కడే వదిలేసి ఇంటికి పోయారు. ఎందుకని అడిగితే ఆరో తరగతి పిల్లాడొకడు నాకు తెలుగులో విడమరిచి చెప్పాడు. వాడికి పదకొండేళ్ళు.

తప్పయిందని చెప్పడం నాకు సవరలో రాదు. కాటా విప్పేశాను. గుత్తిలోంచి బియ్యం గది తాళం తీస్తుంటే రింగు బిగుసుకుపోయి గోరు విరిగింది. పిల్లలంతా కూర్చుని తింటున్నప్పుడు వెళ్ళి ఆ తాళం ఆమె చేతిలో పెట్టాను. ఏమీ అనలేదు. కొంగున ముడేసుకుని, ఎసరు పొంగుతోందని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి బస్తా విప్పేముందు నన్ను కేకేసి పిలిచేది, లెక్క రాసుకోమని. తాళం ఆమె దగ్గర, పుస్తకం నా దగ్గర. సోమవారం దోసిళ్ళకి పుస్తకంలో వేరే గడి గీశాను. ఆడిటర్ వచ్చి ఇదేమిటయ్యా అంటే ఆ గడి చూపించాను, సంతకం పెట్టి వెళ్ళాడు. నేనున్న నాలుగేళ్ళూ అలాగే నడిచింది.

నువ్వు కోసిన డీజిల్ డబ్బు నా కాటాలాంటిది. మా తోడల్లుడి కొడుకు ఇంకో మాట చెప్పాడు. అక్కడ ఇండియావాళ్ళని అమ్వేన్యే అంటారట. తెల్లవాళ్ళ పాలన నాటి నుంచీ అక్కడి టౌన్లలో మనవాళ్ళ దుకాణాలున్నాయి, గుజరాతీలవే ఎక్కువ. పల్లెవాళ్ళకి ఇండియా మనిషి అంటే గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి. నువ్వు బైబిలు పట్టుకుని 14 నెలలు తిరిగి ఆ బొమ్మని కొంచెం చెరిపావు. జీతం కోసిన రోజున నువ్వే వెళ్ళి ఆ గల్లాపెట్టె వెనక కూర్చున్నావు.

కాబట్టి రాజీనామా సంగతి తర్వాత. ముందు డీజిల్ డబ్బు వెనక్కివ్వు. కవర్లో పెట్టి గుట్టుగా ఇవ్వకు. ఎక్కడ మందలించావో అక్కడే, ఎవరి ముందు మందలించావో వాళ్ళ ముందే ఇవ్వు. 'నాకు తెలియక చేశాను' అను, చాలు. దాని మీద ప్రసంగం చెయ్యకు. ప్రసంగాలు మన వృత్తిరోగం. సారీని వాళ్ళ భాషలో పెపాని అంటారట, చావింట్లో పలకరించేటప్పుడూ అదే మాట. ఒక్క మాట రెండు చోట్లకీ పనికొస్తుంది.

తర్వాత ఆ చావింటికి వెళ్ళు. రోజులు గడిచాయి, ఇప్పుడెందుకు అనుకోకు. ఒక్కడివీ వెళ్ళకు, పాస్టర్‌గారిని తీసుకెళ్ళమని అడుగు. 'రండి వెళ్దాం' అనకు, 'నన్ను తీసుకెళ్తారా' అని అడుగు. ఒక బస్తా మొక్కజొన్న పిండి పట్టుకెళ్ళు, నీ సొంత డబ్బుతో. గుమ్మం ముందు నిలబడి 'ఓడీ' అని కేకెయ్యాలి, లోపలివాళ్ళు రమ్మన్నాకే వెళ్ళాలి. నీకు తెలిసే ఉంటుంది. ఎక్కడ కూర్చోవాలో, ఎంతసేపు కూర్చోవాలో ఆయన్నే చూస్తూ కూర్చో. పెట్టింది తిను. న్సీమా అంటే మన చోడి ముద్దలాంటిదే కదా, కాకపోతే తెల్లగా మొక్కజొన్న పిండితో. చేతులకి నీళ్ళు పోస్తే కడుక్కుని తిను.

ఆ టైమ్ టేబుల్ గోడ మీంచి తీసెయ్. మీటింగు పెట్టి తీయకు, ఊరికే ఓ సాయంత్రం తీసెయ్. స్కూలు టైముల కాగితం ఒక్కటి ఉంచు, పిల్లల విషయంలో టైము టైమే.

భాష సంగతి. 14 నెలలైనా మీటింగులు ఇంగ్లీషులో పెడుతున్నానని రాశావు, పాస్టర్‌గారు తర్జుమా చేస్తారట. నువ్వు చెప్పిన కోత మాట కూడా ఆయన నోటితోనే చెప్పించావన్నమాట! వాళ్ళ భాష చిచేవా నేర్చుకో. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా, సంతలో నాలుగు సవర మాటలు, టీవీలో హిందీ, ఇలా పెరిగినవాడికి ఇంకో భాష ఎంత? చిచేవాలో 'నువ్వు'కి ఇవే, 'మీరు'కి ఇను. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే. ఒరియాలో తు, తుమె, ఆపణ అని మూడు మెట్లుంటేనే నువ్వు ఏనాడూ తడబడలేదే. డ్రైవర్‌ని ఆ రోజు ఇంగ్లీషులో 'యూ' అని ఉంటావు. ఇంగ్లీషులో ఆ గొడవ లేదు కాబట్టి నీకు ఏమీ అనిపించలేదు. అతని చెవిలో అది ఇవేగా పడిందో ఇనుగా పడిందో ఆలోచించు.

పర్లాకిమిడి పంతులెవరైనా మూడో మాటకి గిడుగు రామమూర్తిగారి పేరెత్తుతాడు, నేనూ అంతే, భరించు. రాజావారి బళ్ళో మేష్టరు ఆయన. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆ మనిషిని గురువు చేసుకుని మాట మాటా రాసుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర-ఇంగ్లీషు నిఘంటువులు ఆ తర్వాత. ఆ కాలంలో సవరతో మాట్లాడాలంటే దుబాసీ చాలనుకునేవాళ్ళు. ఇంట్లో కూర్చోబెట్టి నేర్చుకోవడమా అని నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. నీకు 22 ఏళ్ళ అనుభవమున్న గురువు పక్క గదిలోనే ఉన్నాడు. రోజూ సాయంత్రం ఒక గంట ఆయన దగ్గర పలక పట్టుకు కూర్చో. లీడరు నేర్చుకోవడానికి వచ్చి కూర్చున్నాడని తొమ్మిది మందికీ తెలియనీ.

ఇక డబ్బు. ఇక్కడ మాత్రం నువ్వు గట్టిగా ఉండాల్సిందే. నా కథ విని లెక్కలు గాలికొదిలేస్తావేమోనని భయం. మంచివాడనిపించుకోవాలని క్యాష్ బుక్ వదిలేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను, ఆఖరికి వాళ్ళే దొంగలనిపించుకున్నారు. ప్రతి ఖర్చుకీ రసీదు, రసీదు దొరకని చోట ఇద్దరి సంతకాలు. బ్యాంకులో నీదీ పాస్టర్‌గారిదీ ఉమ్మడి సంతకం ఉండాలి, లేకపోతే ఈ నెలలోనే పెట్టించు. బండికి ఒక లాగ్ బుక్ పెట్టు, డ్రైవరే రాస్తాడు. చావులకి బండి వెళ్తుంది, అది ఆగేది కాదు. ఎంత దూరం వరకు, ఏ ఊళ్ళకి, డీజిల్ ఏ పద్దులోంచి అన్నది పాస్టర్‌గారితో కూర్చుని ఆయన్నే చెప్పనిచ్చి రాసుకో. నా పుస్తకంలో సోమవారం గడిలాగ నీ పుస్తకంలో చావుల గడి. హెడ్డాఫీసుకి ముందుగానే మెయిల్ పెట్టు. తర్వాత వాళ్ళు కనుక్కుని అడిగితే వేరేగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది నీకు నచ్చకపోవచ్చు. అసలు ఆ పదవి నీకెందుకిచ్చారు? 22 ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి అక్కడ ఉండగా, వచ్చి 11 నెలలైన కుర్రాడికి? నీ ఇంగ్లీషు మెయిళ్ళు బాగుంటాయి కాబట్టి, పాస్‌పోర్టు వేరే దేశానిది కాబట్టి, డబ్బు పంపేవాళ్ళకి నీ మొహం తెలుసు కాబట్టి. నీ తప్పు కాదిది. కానీ నీ స్టాఫ్‌కి ఈ సంగతి నీకంటే ముందే తెలుసు.

నీ జేబులో 500 క్వాచా నోటు ఉంటే తీసి చూడు. దాని మీదున్నాయన జాన్ చిలెంబ్వే, బాప్టిస్టు పాస్టరే. అమెరికాలో చదువుకుని 1900లో తిరిగొచ్చి సొంతంగా మిషన్ పెట్టాడు, బళ్ళు పెట్టాడు. అక్కడి తెల్లదొరల ఎస్టేట్లలో భూమి అద్దె కింద తంగాత అని పని చేయించుకునేవాళ్ళు. మన ఏజెన్సీలో వెట్టి లాంటిదే. దానిమీదా, తెల్లవాళ్ళ యుద్ధంలోకి తమవాళ్ళని తోసినందుకూ 1915 జనవరిలో ఆయన తిరగబడ్డాడు, ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఏటా జనవరి 15న ఆయన పేరు మీద సెలవు. తిరుగుబాటు తప్పా ఒప్పా అని నేను చెప్పబోవడం లేదు. బయటనుంచి వచ్చిన మిషనరీ మా పాస్టర్ మీద పెత్తనం చేస్తే ఎలా ఉంటుందో ఆ దేశం వందేళ్ళ కిందటే ఆలోచించింది, ఆ ఆలోచన చేసిన మనిషినే నోటు మీద అచ్చేసుకుంది. నువ్వు ఆ నోటుతోనే డీజిల్ కొన్నావు.

కాబట్టి డబ్బు వెనక్కిచ్చి, చావింటికి వెళ్ళొచ్చి, ఓ ఆరు నెలలు పోయాక హెడ్డాఫీసుకి ఉత్తరం రాయి. పాస్టర్‌గారిని పెద్దని చెయ్యండి, నేను ఆయన కింద లెక్కలూ మెయిళ్ళూ చూస్తానని. రాసేముందు ఆయన్ని అడుగు, ఆయనకి ఇష్టం లేకపోవచ్చు కూడా. ఆఫీసువాళ్ళు ఒప్పుకోకపోతే, కాగితం మీద లీడరు నువ్వే ఉండు, పనిలో మాత్రం గుమస్తాగా ఉండు. గుమస్తా ఉద్యోగం చెడ్డదేం కాదు. మా నాన్నగారు 31 ఏళ్ళు చేశారు, మమ్మల్ని అయిదుగురినీ పెంచారు.

రాజీనామా ఇప్పుడు ఇస్తే ఏమవుతుందో తెలుసా? డ్రైవర్ జీతం కోసి వెళ్ళిపోయిన ఇండియావాడుగా మిగిలిపోతావు. తర్వాత వచ్చే కుర్రాడు ఆ బరువు కూడా మోయాలి.

అమ్మ సంగతి రెండు ముక్కలు. మైకులో చెప్పించినందుకు ఆమె మీద చిరాకు పడకు. కొడుకు గురించి చెప్పుకోవడానికి ఆమెకి దొరికిన సంతోషం అదొక్కటే. కానీ నిద్ర పట్టడం లేదని ఆమెకి చెప్పకు, ఆమె నిద్ర కూడా పోతుంది. చెప్పుకోవడానికి ఒక మనిషిని చూసుకో. అక్కడి వాడైతే మేలు, లేకపోతే ఇండియా వెళ్ళిపోయిన మీ సీనియరే ఉన్నాడు, ఒంట్లో కుదుటపడ్డాక ఆయనకి కూడా ఏమీ తోచక కూర్చునే ఉంటాడు. నాకైనా చెయ్యి. మనకి రాత్రి తొమ్మిదైతే నీకు సాయంత్రం అయిదున్నర, ఆ టైములో నేను మేలుకునే ఉంటాను. పదిన్నర దాటితే మా ఇంట్లో ఫోన్ ఎత్తరు.

ఆ చావింటికి వెళ్ళే రోజు బండి డ్రైవర్‌నే తీయమను. ముందు సీట్లో పాస్టర్‌గారు కూర్చుంటారు. నువ్వు వెనక పిండి బస్తా పట్టుకుని కూర్చో, ఆ మట్టిరోడ్డు మీద అది దొర్లిపోకుండా.